జిల్లా స్టేడియం బాధ్యత చేతికొచ్చిందా? కోచ్‌లను, సిబ్బందిని గాడిలో పెట్టడం ఎలా

"స్టేడియం జాబితాలో 18 పేర్లున్నాయి సార్, సాయంత్రం వెళ్లి చూస్తే నలుగురే కనిపిస్తున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" కాస్త అటూ ఇటూగా ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది బడిలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) చేస్తుండగా ఉన్నట్టుండి జిల్లా క్రీడల అధికారిగా అదనపు బాధ్యత నెత్తిన పడినవాళ్లే. ఏపీలో డీఎస్‌డీఓ, తెలంగాణలో డీవైఎస్‌ఓ, కుర్చీ పేరు ఏదైనా తలనొప్పి ఒకటే. మున్సిపల్ ఇండోర్ స్టేడియం చూసుకునేవాళ్లకు, క్రీడా పాఠశాలల్లో పనిచేసేవాళ్లకు కూడా కింద రాసింది చాలావరకు పనికొస్తుంది.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "ఏ యాప్ పెట్టమంటారు?" యాప్ ఆఖరున అండీ. స్మార్ట్ పాలన అనగానే ముఖం చూసి హాజరు వేసే మిషన్ కొనేస్తున్నారు. కోచ్ గేటు దాటి లోపలికి వచ్చాడని అది చెబుతుంది, వచ్చాక పిల్లలకు ఏమైనా నేర్పాడా లేదా అన్నది దానికి తెలియదు. ముందు ఎవరు ఏ కాగితం మీద, ఏ గంటల్లో, ఏ పని చేస్తున్నారో తేలాలి. అది తేలాక కోచ్ హాజరు కంటే పిల్లల హాజరు చూడటం మొదలుపెట్టండి, మీకు తెలియాల్సింది చాలావరకు అక్కడే బయటపడుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రతి ఒక్కరి నియామక ఉత్తర్వు, డిప్యుటేషన్ అయితే ప్రొసీడింగ్స్ కాపీ, జాయినింగ్ రిపోర్టు
- గత మూడు నెలల జీతాల బిల్లులు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ బిల్లులు విడిగా
- ఏ కోర్టు, ఏ గ్రౌండ్ ఎప్పుడు ఎవరికిచ్చారో తెలిపే పట్టిక (కాగితం లేకపోతే గోడకు అంటించినదే ఫోటో తీసుకోండి)
- పే అండ్ ప్లే (డబ్బు కట్టి ఆడుకునేవాళ్ల) రశీదు పుస్తకాలు, గేటు దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే ఆ డబ్బు వెళ్తున్న ఖాతా స్టేట్‌మెంట్
- బ్యాచ్‌లవారీగా పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు
- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్ గానీ వచ్చిన ఒక్క మనిషి

వీటన్నిటికంటే ముఖ్యంగా మీ టైమ్ కావాలి. ఒక వారం పాటు చెప్పకుండా ఉదయం ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి వెళ్లి ఊరికే నిలబడి చూడండి. ఎవరినీ ఏమీ అనొద్దు. పదింటికి ఆఫీసుకొచ్చి ఐదింటికి వెళ్లిపోయే అధికారికి స్టేడియం అసలు రూపం ఎన్నటికీ కనబడదు, ఎందుకంటే ఆ ఏడు గంటల్లో అక్కడ ఉండేది వాచ్‌మన్ ఒక్కడే.

1. మనుషుల లెక్క తేల్చండి

ఒకే స్టేడియంలో ఐదారు రకాల ఉద్యోగులుంటారు: రెగ్యులర్ వాళ్లు, విద్యాశాఖ నుంచి డిప్యుటేషన్‌పై వచ్చిన పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు), కాంట్రాక్టు కోచ్‌లు, ఏజెన్సీ ద్వారా వచ్చిన స్వీపర్లు, వాచ్‌మన్‌లు, గ్రౌండ్స్‌మన్‌లు, కేంద్ర ప్రభుత్వ పథకమైన ఖేలో ఇండియా సెంటర్ కింద పనిచేసే కోచ్‌లు, వేసవి శిబిరాలకు గౌరవ వేతనం మీద వచ్చేవాళ్లు. ఒక్కొక్కరికి జీతం ఇచ్చే చోటు వేరు, సెలవు ఇచ్చే అధికారం ఉన్నవాళ్లు వేరు, చర్య తీసుకోగలిగేవాళ్లు వేరు. అందుకే షీట్‌లో పేరు, హోదా రాసి ఊరుకోకండి. నియామక ఉత్తర్వు తేదీ, కాంట్రాక్టు ఎప్పటివరకు, జీతం ఎక్కడినుంచి, సెలవు మంజూరు చేసేదెవరు, అర్హత ఏమిటి (పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్ డిప్లొమానా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సా, వ్యాయామ విద్య డిగ్రీ బీపీఈడీనా), పోలీసు వెరిఫికేషన్ అయిందా, ఈ కాలమ్‌లన్నీ ఉండాలి.

తర్వాత ఏజెన్సీ బిల్లులో ఉన్న పేర్లను, మీరు వారమంతా చూసిన మనుషులను పక్కపక్కన పెట్టి టిక్ చేయండి. బిల్లులో ఉండి గ్రౌండ్‌లో లేని పేర్లు రావొచ్చు. వెంటనే దొంగ అని ముద్ర వేయకండి. ఒక్కోసారి ఆ మనిషిని మౌఖిక ఆదేశంతో వేరే ఆఫీసుకో, ఏ అధికారి ఇంటికో పంపి ఉంటారు. లిఖితపూర్వకంగా ఏజెన్సీని అడగండి, జవాబు ఫైలులో పెట్టండి, మనిషి కనిపించని నెల బిల్లు మీద సంతకం మాత్రం చేయొద్దు. హాజరు సరిచూశానని సంతకం పెట్టేది మీరే కాబట్టి ఆడిట్ అభ్యంతరం రేపు మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంకో రకం వాళ్లున్నారు, ఏ కాగితంలోనూ కనిపించరు. పాత ఆటగాళ్లు, "ఫ్రీగా నేర్పిస్తున్నా సార్" అంటూ ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు. కొందరు నిజంగానే ఆట మీద ప్రేమతో వస్తారు, కొన్ని ఆటలు ఆ జిల్లాలో బతికున్నదే వాళ్ల వల్ల. కొందరు పిల్లల దగ్గర నెలకింత అని వసూలు చేస్తారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి గేటు బయటికి పంపితే మర్నాటి నుంచి ఆ బ్యాచ్ ఉండదు. కలెక్టర్ చైర్మన్‌గా ఉండే జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ అనుమతితో వాళ్లకు మూడు నెలల తాత్కాలిక అనుమతి లేఖ ఇప్పించండి. అందులో ఆట, బ్యాచ్, సమయం, డబ్బు వసూలు చేయకూడదన్న షరతు రాయించండి. లేఖ చేతికొచ్చేలోపే పోలీసు వెరిఫికేషన్ పూర్తి కావాలి.

2. డ్యూటీ పట్టిక ఆటను బట్టి వేయండి

కోచ్ పని ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర వరకు. మిగతా ఆఫీసుల్లాగా పది నుంచి ఐదు హాజరు పెడితే ఆయన పగలు ఖాళీగా కూర్చుని సాయంత్రం పిల్లలొచ్చే వేళకు ఇంటికి పోతాడు, దానికి తప్పు ఆయనది కాదు. హాజరు యాప్ ఇప్పటికే ఉంటే రెండు పూటలకు రెండుసార్లు వేసేలా మార్చమని పైకి రాయండి. మార్పు వచ్చేదాకా చేతిరాత రిజిస్టర్ నడపండి.

వారపు సెలవు అందరికీ ఆదివారం ఇవ్వడం చాలాచోట్ల జరుగుతున్న తప్పు. స్టేడియానికి జనం ఎక్కువ వచ్చేది ఆ రోజే, వాచ్‌మన్, స్వీపర్, లైఫ్‌గార్డ్ ఎవరూ ఉండరు. సెలవులు సోమ, మంగళ, బుధవారాలకు పంచండి. ప్రతి డ్యూటీకి ఎదురుగా "రాకపోతే ఎవరు" అన్న కాలమ్ ఒకటి పెట్టండి.

స్విమ్మింగ్ పూల్ విషయంలో మాత్రం "రాకపోతే ఎవరు" అన్నచోట ఎవరో ఒకరి పేరు రాసేస్తే కుదరదు. ప్రాణం కాపాడటంలో శిక్షణ ఉన్న లైఫ్‌గార్డ్ లేకపోతే ఆ పూట పూల్ మూయాలి. గేటుకు తాళం వేసి బోర్డు పెట్టండి. నెలవారీ ఫీజు కట్టినవాళ్లు గొడవ చేస్తారు, చేయనివ్వండి. కోచ్ ఉన్నాడు కదా, ఆయనే చూసుకుంటాడులే అనుకోవద్దు. నేర్పేవాడి కళ్లు నేర్చుకునే పిల్ల మీదే ఉంటాయి, అవతలి లేన్‌లో మునుగుతున్న పిల్లాడు ఆయనకు కనబడడు.

3. ఒక్కొక్కరికి ఒక్క పేజీ పని పత్రం

"మీకు అప్పగించిన ఇతర పనులు" అన్న ఒక్క వాక్యంతో నెట్టుకొస్తున్న స్టేడియంలు చాలా ఉన్నాయి. ఆ వాక్యం వల్లే అథ్లెటిక్స్ కోచ్ ఎన్నికల డ్యూటీ బస్సుల లెక్క చూస్తుంటాడు, గ్రౌండ్స్‌మన్ టీ తెస్తుంటాడు. ఒక్కో మనిషికి ఐదారు వాక్యాలు చాలు. ఉదాహరణకు కబడ్డీ కోచ్‌కు: రెండు పూటలా బ్యాచ్ నడపాలి, పిల్లల హాజరు ఆ రోజే వేయాలి, మ్యాట్‌లు వారానికోసారి చూసి చిరిగినవి రాసివ్వాలి, నెలకు ఒక బడికి వెళ్లి పిల్లలను చూడాలి, దెబ్బ తగిలితే రిజిస్టర్‌లో రాయాలి. సంతకం తీసుకుని ఒక కాపీ ఆయనకివ్వండి.

డబ్బు సంగతి ఇక్కడే తేల్చాలి. నేర్పేవాళ్ల చేతిలోకి ఫీజు డబ్బు రాకూడదు. పే అండ్ ప్లే అయినా, వేసవి శిబిరం ఫీజు అయినా క్యూఆర్ కోడ్‌తో నేరుగా సంస్థ ఖాతాకు పోవాలి, నగదు తప్పదంటే రశీదు రాసేది ఆఫీసు మనిషి. క్యూఆర్ స్టిక్కర్ మీద ఎవరి పేరు వస్తోందో మీరే ఒక రూపాయి పంపి చూడండి, నెలకోసారి మళ్లీ చూడండి.

4. పిల్లల హాజరు, అసలు పని ఇదే

చెప్పే విషయం చిన్నదే, చేసేవాళ్లు తక్కువ. ప్రతి బ్యాచ్‌కు ఒక షీట్, అందులో పిల్లల పేర్లు, వయసు, బడి, ఊరు, చేరిన తేదీ, రోజువారీ టిక్. కోచ్ ఫోన్‌లోనే వేస్తాడు. నెలాఖరున మీరు మూడు సంఖ్యలు చూడాలి: ఎంతమంది చేరారు, నెలలో సగం రోజులకు మించి వచ్చినవాళ్లు ఎంతమంది, మూడు నెలల కింద చేరినవాళ్లలో ఇంకా వస్తున్నవాళ్లు ఎంతమంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. వేసవిలో నిండిన బ్యాచ్ ఆగస్టుకు ఎంత మిగిలిందో చూస్తే కోచ్ గురించి, మీ ఏర్పాట్ల గురించి ఏ నివేదికా చెప్పనంత తెలుస్తుంది.

సంఖ్య పడిపోగానే కోచ్‌ను పిలిచి మందలించడం తప్పు. కారణం వెతకండి. ఏడు దాటాక ఊరికి బస్సు లేదేమో, ట్యూషన్ టైమ్ అడ్డొస్తోందేమో, ఫ్లడ్‌లైట్ రెండు వారాలుగా వెలగడం లేదేమో, తాగునీరు లేదేమో. ముఖ్యంగా ఆడపిల్లలు తగ్గితే మొదట బాత్రూమ్‌లు చూడండి, తాళం, నీళ్లు, వెలుతురు ఉన్నాయో లేదో. ఒక బ్యాచ్‌లో నలుగురైదుగురు అమ్మాయిలు ఒకేసారి మానేస్తే మాత్రం దాన్ని మామూలు విషయంగా తీసుకోవద్దు, మహిళా సిబ్బందితో ఆ ఇళ్లకు ఫోన్ చేయించండి, ఐదో మెట్టు చదవండి.

దొంగ టిక్కులు పడుతున్నాయని అనుమానమా? వారానికి ఒక బ్యాచ్ ఎంచుకుని హాజరు పడ్డ ఐదుగురు పిల్లల తల్లిదండ్రులకు మీరే ఫోన్ చేసి "మీ బాబు నిన్న గ్రౌండ్‌కు వచ్చాడా అమ్మా, ఎలా నేర్పుతున్నారు" అని అడగండి. రెండు నిమిషాల పని, కానీ నెల తిరిగేసరికి టిక్కులన్నీ నిజమవుతాయి. తల్లిదండ్రులకు కూడా ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం వస్తుంది.

కోచ్‌ను పతకాలతో కొలవొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. జిల్లా స్థాయిలో వద్దనే చెబుతాను. పతకాలతోనే మార్కులు వేస్తే పక్క కోచ్ తయారు చేసిన పిల్లను లాక్కోవడం, వయసు తక్కువ చూపించే సర్టిఫికెట్లు తేవడం మొదలవుతుంది, కొత్తగా వచ్చిన నెమ్మది పిల్లాడి వైపు ఎవరూ చూడరు. ఉమ్మడి వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం గెలిచింది. బడిలో పీఈటీ ఆమెను గమనించకపోతే, తర్వాత కోచ్ నాగపురి రమేశ్ ముందుకు తీసుకుపోకపోతే ఆ పతకం లేదు. పతకాల పట్టికలో మాత్రం ఆ పీఈటీకి కాలమ్ ఉండదు. అందుకే ఎంతమందిని పైస్థాయికి పంపారు అన్నది కూడా లెక్కలో వేయండి: స్పోర్ట్స్ స్కూల్‌కు, అకాడమీకి, సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) సెంటర్‌కు ఎంపికైనవాళ్లు.

5. పిల్లల రక్షణ, మహిళల రక్షణ

ఈ మెట్టు మాత్రం మొదటి నెలలోనే పూర్తవ్వాలి. పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) నిబంధనలు, 2020 ప్రకారం పిల్లలతో రోజూ మెలిగే సంస్థల్లో, స్పోర్ట్స్ అకాడమీలతో సహా, పనిచేసే ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, అదీ ఒక్కసారి కాదు, ఎప్పటికప్పుడు. రెగ్యులర్, కాంట్రాక్టు, నేర్పేవాళ్లు, నేర్పనివాళ్లు అన్న తేడా లేదు. చాలాచోట్ల కోచ్‌లకు చేయించి స్వీపర్‌ను, వాచ్‌మన్‌ను, వ్యాన్ డ్రైవర్‌ను వదిలేస్తున్నారు. పేర్ల జాబితాతో ఎస్పీ ఆఫీసుకు ఒకే లేఖ రాయండి.

పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. "ముందు మనం లోపల విచారించుకుందాం, స్టేడియం పరువు పోతుంది" అన్నారా, చట్టం ముందు మీరే దోషి. చెప్పకపోతే ఎవరికైనా ఆరు నెలల దాకా జైలు, తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ ఇన్‌చార్జికి ఏడాది దాకా. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు పెద్ద అక్షరాలతో డ్రెస్సింగ్ రూముల దగ్గర రాయించండి.

పెద్దవాళ్ల విషయానికొస్తే, పనిచోట మహిళల వేధింపుల నిరోధక చట్టం, 2013 స్టేడియంను, క్రీడా సంస్థను, పోటీ జరిగే చోటును పేరుపెట్టి మరీ పనిచోటుగా చెప్పింది. పదిమంది లేదా ఎక్కువ ఉద్యోగులుంటే అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి సంస్థ నుంచి ఒకరు. పదిమంది కంటే తక్కువైతే కలెక్టరేట్ వైపు ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు పోతుంది, ఆ వివరాలు బోర్డు మీద పెట్టండి. ఫిర్యాదుకు మామూలు గడువు మూడు నెలలు.

టోర్నమెంట్‌కు అమ్మాయిల జట్టును పంపేటప్పుడు మహిళా మేనేజర్ లేకుండా ప్రయాణ అనుమతి మీద సంతకం చేయకండి. మహిళా కోచ్ లేకపోతే దగ్గరి బడి పీఈటీని అడగండి, ఎవరూ దొరకకపోతే ఒక తల్లిని సొంత ఖర్చు లేకుండా పంపండి. కోచ్ మైనర్లతో విడివిడిగా వాట్సాప్ చాటింగ్ చేయకూడదు, ఏం చెప్పాలన్నా తల్లిదండ్రులున్న గ్రూపులోనే చెప్పాలి. ఈ నియమం పెట్టగానే మంచి కోచ్‌లు కూడా నొచ్చుకుంటారు. అది వాళ్లకు కూడా రక్షణేనని కూర్చోబెట్టి చెప్పండి.

6. జీతం తేదీ

నాలుగు నెలలుగా జీతం రాని కోచ్‌కు క్రమశిక్షణ పాఠం చెప్పే హక్కు మనకుండదు. బిల్లు ప్రతి నెలా ఒకే తేదీన ట్రెజరీకి లేదా పై ఆఫీసుకు పోవాలి, ఆ తేదీ మీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఔట్‌సోర్సింగ్ వాళ్లను నెలకోసారి పిలిచి పీఎఫ్ పాస్‌బుక్ వాళ్ల ఫోన్‌లోనే తెరిపించి చూడండి, ఈఎస్ఐ కార్డు పనిచేస్తోందో లేదో అడగండి. జీతంలోంచి కోత పడుతుంది, ఖాతాలో జమ మాత్రం కనబడదు, ఇలాంటిది తేలితే పాస్‌బుక్ స్క్రీన్‌షాట్లు జతచేసి ఏజెన్సీకి నోటీసు, కాపీ పై ఆఫీసుకు.

ఖేలో ఇండియా సెంటర్‌కు ఏడాదికి వచ్చే 5 లక్షల రూపాయల్లో కోచ్ పారితోషికం, పరికరాలు, కిట్లు, పోటీల ఖర్చు అన్నీ ఉంటాయి. వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే తర్వాతి విడత కూడా ఆలస్యమవుతుంది, ఆ దెబ్బ కోచ్ జీతం మీదే పడుతుంది. మార్చి దాకా ఆగకుండా ప్రతి మూడు నెలలకు రసీదులు సర్దిపెట్టుకోండి.

7. శిక్షణ

ప్రథమ చికిత్స, సీపీఆర్ అందరికీ, వాచ్‌మన్‌తో సహా. కోచ్‌లకు పటియాలా ఎన్ఐఎస్ ఆరు వారాల కోర్సు నోటిఫికేషన్ వచ్చినప్పుడు మీరే చెప్పి, సెలవు, బ్యాచ్‌కు ప్రత్యామ్నాయం ఏర్పాటు చేసి పంపండి. డోపింగ్ గురించి ఏడాదికోసారైనా చెప్పించండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు, జలుబు మాత్రలు తిని తెలియక ఇరుక్కుపోతున్న పిల్లలున్నారు.

8. చెప్పినా మారకపోతే

రెగ్యులర్ ఉద్యోగి మీద చర్య తీసుకునే అధికారం సాధారణంగా మీకుండదు, అది నియామక అధికారిది. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మొదట విడిగా పిలిచి మాట్లాడండి, మాట్లాడిన తేదీ డైరీలో రాయండి. నెలలో మార్పు లేకపోతే మెమో, అందులో కోపం ఉండకూడదు, తేదీలు, గంటలు, హాజరు షీట్ జతచేసి ఉండాలి. జవాబుకు గడువివ్వండి. ఆ తర్వాత మీ అభిప్రాయంతో పై అధికారికి నివేదిక. ఇవేమీ లేకుండా "ఈయన పనిచేయడు, మార్చండి" అని రాసిన లేఖలు పైన దుమ్ము పట్టిపోతాయి. డిప్యుటేషన్ వాళ్లయితే గడువు పొడిగింపు సిఫార్సు మీ చేతిలోనే ఉంటుంది, ఆ ఫైలు రాకముందే రికార్డు సిద్ధంగా ఉంచుకోండి. కులం పేరు, పార్టీ పేరు, ఎమ్మెల్యే ఫోన్ మధ్యలోకి వచ్చినప్పుడు మీకు అండగా నిలబడేది ఆ షీటే.

బాగా చేసేవాళ్లకు కూడా అదే పద్ధతి పాటించండి. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం నాడు శాలువాలు ఎప్పుడూ అతిథులకే ఎందుకు? తెల్లవారుజామున ట్రాక్ తడిపి గీతలు గీసే గ్రౌండ్స్‌మన్‌కు ప్రశంసాపత్రం ఇప్పించండి, ఆయన సర్వీసు కాగితాల్లో ఒక కాపీ పెట్టండి.

సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

మూడు నెలలయ్యాక ఇవి చూసుకోండి. ఏ సాయంత్రమైనా గేటు దగ్గర నిలబడి పట్టికలోని పేర్లు చదివితే మనుషులు ఎదురుగా కనిపించాలి. మే నెల బ్యాచ్‌లో ఎంతమంది ఆగస్టులో ఉన్నారో అడిగితే కోచ్ ఫోన్ చూసి అప్పటికప్పుడు చెప్పగలగాలి. పోలీసు వెరిఫికేషన్ కాలమ్‌లో ఖాళీ గడి ఉండకూడదు. ఏ అమ్మాయినైనా "ఇబ్బంది వస్తే ఎవరికి చెబుతావు" అని అడిగితే ఒక పేరు చెప్పాలి, అమ్మకు చెబుతా అని మాత్రమే అంటే మీ బోర్డులు ఎవరూ చదవలేదని అర్థం.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం సిబ్బంది పేర్లు, హోదాలు, వేతనాలు ఎవరూ అడగకముందే బయట పెట్టాలి. మీ షీట్ నుంచి ఆ భాగం తీసి, ఫోన్ నంబర్లు, పిల్లల వివరాలు తొలగించి, బ్యాచ్ సమయాలతో కలిపి గేటు పక్కన అంటించండి. అప్పుడు కోచ్ రాలేదన్న సంగతి మీకంటే ముందు ఒక తండ్రి చెబుతాడు. యాప్ కావాలనుకుంటే ఇప్పుడు పెట్టండి, అందులో నింపాల్సిన వివరాలన్నీ మీ దగ్గర ఉన్నాయి.

ఇంకొక్క పని. ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ గూగుల్ షీట్ మీ సొంత జీమెయిల్‌లో కాకుండా ఆఫీసు మెయిల్ ఐడీ మీద పెట్టండి. పాస్‌వర్డ్ సీల్డ్ కవరులో బీరువాలో ఉంచండి. రిలీవ్ అయ్యే రోజు కొత్తగా వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ చూపిస్తూ చెప్పి, ఛార్జి లిస్టులో ఆ షీట్‌ను కూడా ఒక ఐటెమ్‌గా రాసి సంతకం తీసుకోండి.